రాగి గొడ్డలి పక్కన ఫిల్ము రీలు

న్యూ టౌన్‌లో ఉండే మా మేనకోడలు ఒక ఆదివారం భోజనానికి పిలిచింది. వెళ్లేసరికి ఆమె ఆఫీసు స్నేహితులు కూడా ఉన్నారు. అందరూ ఈమధ్యనే హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో కోల్‌కతాకు బదిలీ మీద వచ్చిన పిల్లలు. నేను మ్యూజియంలో పనిచేసి రిటైరయ్యానని తెలిసి ఒకమ్మాయి, "టికెట్లు ఇచ్చేవారా ఆంటీ?" అని అడిగింది. పక్కనున్న వరంగల్ కుర్రాడు, "మ్యూజియంల ఏం పనుంటది ఆంటీ? అన్నీ సచ్చిన వస్తువులే కదా" అన్నాడు.

వాళ్లను తప్పుపట్టను. నేనూ ఉద్యోగంలో చేరేటప్పుడు అలాగే అనుకున్నాను. కానీ వస్తువులు చావవు. చెమట పడతాయి, ఊపిరి వదులుతాయి, పక్కవాటితో పడకపోతే కక్ష తీర్చుకుంటాయి. ఇది ఆ రోజు బిర్యానీ చల్లారిపోయేదాకా వాళ్లకు నేను చెప్పిన సంగతి. ఇలాంటి ఉద్యోగాల్లోకి వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి హౌరాలోని టికియాపారా రైల్వే కార్‌షెడ్‌లో ఫిట్టరుగా పనిచేశారు. నేను పుట్టింది అక్కడి క్వార్టర్లలోనే. బళ్లో బెంగాలీ, వీధిలో హిందీ, ఇంట్లో తెలుగు. రసాయనశాస్త్రం చదివాను. మ్యూజియం సంరక్షణ విభాగంలో ఉద్యోగం వచ్చింది. పగిలిన కుండ అతకడం, ఇనుముకు తుప్పు ఆపడం, తాళపత్రాలను పురుగు నుంచి కాపాడటం మా పని. మా ఆయన రైల్వేలోనే గార్డు. నా ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే, "రాళ్లకీ రప్పలకీ డాక్టరమ్మ" అని చెప్పేవారు.

నేను రిటైరవడానికి ఇంకా రెండేళ్లుందనగా మా మ్యూజియం ఒక కొత్త గ్యాలరీ తలపెట్టింది. మనిషి చేతికి చిక్కిన మొదటి చెకుముకి రాయి నుంచి మీ ఫోన్లలో ఉండే సిలికాన్ దాకా, మనం వాడుకున్న పదార్థాలన్నీ ఒకేచోట. రాయి, ఎముక, మట్టి, రాగి, కంచు, ఇనుము, గాజు, కాగితం, రబ్బరు, ఉక్కు, ప్లాస్టిక్కు. ఆ గ్యాలరీ బాధ్యత ఒక బెంగాలీ క్యూరేటరుది. నాకంటే కొంచెం పెద్దవాడు. అందరం దాదా, అంటే అన్న, అనేవాళ్లం. ఆయన మర్యాదకు నన్ను దీదీ, అంటే అక్క, అనేవాడు. మా మాటలు బెంగాలీలో సాగేవి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

దాదాకు ఏడాది పొడుగునా జలుబు. మెడలో మఫ్లరు, చేతిలో రుమాలు. మనిషి మాత్రం నిప్పులాంటి ఉత్సాహం. వస్తువులను కాలక్రమంలో వరుసగా పెట్టుకుంటూ పోతే జనం మూడో అద్దాల పెట్టె దగ్గరే ఆవలిస్తారని ఆయన నమ్మకం. అందుకని గుమ్మం ఎదురుగా, మధ్యలో ఒకే పెద్ద అద్దాల పెట్టె పెట్టించాడు. అందులో రెండే వస్తువులు. ఒకటి, నాలుగు వేల ఏళ్ల నాటి రాగి గొడ్డలి. రాష్ట్రానికి పశ్చిమాన, ఎర్రమట్టి నేలలున్న ఒక జిల్లాలో ఒక రైతు నాగలికి తగిలింది. దాన్ని ఒక చిన్న జిల్లా మ్యూజియం నుంచి అరువు తెచ్చాం. రెండోది, పాత సినిమా రీలు.

"చూడు దీదీ. ఒకటి మనిషి భూమిలోంచి కరిగించి తీసిన మొదటి లోహం. ఇంకొకటి మనిషి తనంతట తాను తయారు చేసుకున్న మొదటి ప్లాస్టిక్కు. మధ్యలో మొత్తం చరిత్ర" అనేవాడు.

ఆ మొదటి ప్లాస్టిక్కు పేరు సెల్యులాయిడ్. దూదిని ఘాటైన ఆమ్లాల్లో నానబెట్టి, కర్పూరం కలిపి చేసేవారు. ఏనుగు దంతానికి బదులుగా పుట్టింది. దువ్వెనలు, బొమ్మలు, తర్వాత సినిమా ఫిల్ములు దానితోనే చేశారు. అందంగా ఉంటుంది కానీ నిప్పు తగిలితే చాలు భగ్గుమంటుంది. అందుకే తర్వాతి కాలంలో ఫిల్ములకు అంటుకోని వేరే పదార్థం వాడారు. దానికి 'సేఫ్టీ' ఫిల్ము అని పేరు.

మూతపడిన ఒక పాత సినిమా హాలు నుంచి దాదా కొన్ని డబ్బాలు సంపాదించాడు. వాటి మూతల మీద 'సేఫ్టీ' అని అచ్చుముద్ర ఉంది. అంటే ఇది అసలు సెల్యులాయిడ్ కాదు, దాని తమ్ముడు. ప్రదర్శనకు అదే మేలని, భయం ఉండదని అందరం అనుకున్నాం. ఒక రీలు అద్దంలో పెట్టి, స్టోరు గదికి రంగులు వేస్తున్నారని తక్కిన డబ్బాలను అదే పెట్టె కిందున్న బీరువాలో సర్దాడు. ఆ రీళ్లలో ఎవరూ చూడని మూగ సినిమా ఏదైనా ఉంటుందని ఆయన ఆశ. గ్యాలరీ తెరిచాక వాటిని పాత సినిమాలు భద్రపరిచే ఆర్కైవుకు పంపి చూపించాలని కలలు కనేవాడు.

రాగి గొడ్డలికి వైద్యం నాది. వచ్చినప్పుడు దాని అంచున కొంచెం ఆకుపచ్చ పొడి ఉంది. శుభ్రం చేసి, లోహానికి మందు పట్టించి, పైన కంటికి కనబడని పలచటి పూత వేశాను. పెట్టెలో పెట్టినప్పుడు నల్లద్రాక్ష రంగులో నిగనిగలాడింది. నాకు చాలా గర్వంగా అనిపించింది.

కొద్దివారాలకు మళ్లీ ఆకుపచ్చ చుక్కలు కనబడ్డాయి. తీసి బాగుచేశాను. మళ్లీ వచ్చాయి. ఈసారి చుక్కలు కాదు, మచ్చలు.

వేసవి మొదలైంది. ప్రారంభోత్సవం తేదీ ఖాయమైంది. మొదటిరోజే బళ్ల నుంచి పిల్లలు రావాలి. అప్పుడే జిల్లా మ్యూజియం అధికారి తనిఖీకి వచ్చాడు. గొడ్డలి దగ్గరకు వంగి చూశాడు. తర్వాత మా డైరెక్టరు వైపు తిరిగి, "మా దగ్గర ఇన్నేళ్లుగా బీరువాలో బట్టలో చుట్టి పడేశాం. ఏమీ కాలేదు. మీ లేబరేటరీలో మూడు నెలలుంది, ఇలా అయింది" అన్నాడు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

మరునాడు డైరెక్టరు పిలిచి, వాడిన మందులన్నిటికీ సంజాయిషీ రాసివ్వమన్నారు. ఆయన మంచివారే. గొంతు కూడా పెంచలేదు. "మీ పనితనం మీద నాకు అనుమానం లేదు. కానీ అరువు తెచ్చిన వస్తువు పాడైందంటే రేపటి నుంచి మనకు ఎవరూ ఏదీ ఇవ్వరు. తప్పు పూతదే అయితే చెప్పేయండి" అన్నారు.

తప్పు ఎక్కడుందో నాకే తెలియదు. ముప్పై ఏళ్లు చేసిన పని మీద నాకే నమ్మకం సడలింది. రాత్రి నిద్రపోయేముందు నేను కలిపిన మందు పాళ్లు మనసులో తిరిగేవి. ఒకరోజు భోజనాల గదిలో ఇద్దరు కుర్ర ఉద్యోగులు నన్ను చూసి మాట ఆపేశారు. ఇంత వయసులో అంత చిన్నపోతానని అనుకోలేదు.

దాదా మాత్రం నా పక్కన నిలబడ్డాడు. "అరే బాబా, కోల్‌కతా గాలికి మనిషే తుప్పు పడతాడు, గొడ్డలి ఎంత?" అని డైరెక్టరు ముందే అన్నాడు. అది వాదన కాదు, స్నేహం. ఆ మాటకు నేను ఆయనకు రుణపడి ఉన్నాను. తర్వాత జరిగింది నాకు కష్టంగా తోచడానికి అదే కారణం.

చివరికి ఏడుపు మానేసి పని మొదలుపెట్టాను. రాగి రేకును చిన్న ముక్కలుగా కత్తిరించి, మెరిసేలా రుద్ది, గ్యాలరీలో ఒక్కో పెట్టెలో ఒక్కో ముక్క పెట్టాను. ఏ పూతా లేదు, ఏ మందూ లేదు. వట్టి రాగి. కొన్నాళ్లు ఆగి చూశాను. అన్ని పెట్టెల్లో ముక్కలు మెరుస్తూనే ఉన్నాయి. మధ్య పెట్టెలోది మాత్రం పాచి పట్టినట్టు ఆకుపచ్చబడింది.

అంటే నా పూతది తప్పు కాదు. ఆ పెట్టెలో గాలే చెడ్డది. నాకు సగం ప్రాణం లేచొచ్చింది. కానీ గాలి ఎందుకు చెడింది? కొత్త ప్లైవుడ్డు నుంచి ఆమ్లపు ఆవిరి వస్తుందని మాకు తెలుసు. పెట్టె అడుగు చెక్క మార్పించాను. పరిచిన గుడ్డ మార్పించాను. ఈసారి పైనా కిందా కొత్త రాగి ముక్కలు పెట్టాను. అవీ పచ్చబడ్డాయి. పెట్టె అడుగుకు దగ్గరగా ఉన్న ముక్క అన్నిటికంటే ఎక్కువ పచ్చబడింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కరోనా వచ్చి తగ్గాక నాకు వాసన తెలియడం పోయింది. ఇంగువ, ఫినాయిలు, రెండూ ఒకటే. మా వృత్తిలో ముక్కు సగం పరికరం. దాదాకు ఎలాగూ జలుబు. ఆ అద్దాల పెట్టె చుట్టూ రోజూ తచ్చాడిన మా ఇద్దరికీ ముక్కులు లేవు. తక్కినవాళ్లంతా రంగులు, వార్నిషు వాసనల మధ్య పనిచేస్తున్నారు.

ప్రారంభోత్సవానికి ముందురోజు సాయంత్రం, పెట్టెలోంచి తీసిన పాత గుడ్డను పరీక్ష చేద్దామని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే మా ఆయన ముక్కు మూసుకున్నారు.

"ఏటే ఈ కంపు?"

"ఏం కంపు? నాకేమీ తెలీదు గదా."

"నీ సంచీలోంచే వస్తంది. డ్యూటీ దిగి పడుకునే మా రన్నింగు రూములో కుర్రగార్డులు ఉతక్కుండా పడీసిన మేజోళ్లున్నాయి చూడు, అలగే. ముక్కులోకి సూదిలా దిగిపోతంది. ఏటి తెచ్చినావు?"

గుడ్డ తీసి చూపించాను. ఆయన ఒకడుగు వెనక్కి వేశారు. "అదే. అవతల పారీ."

నేను పారేయలేదు. అక్కడే గుమ్మంలో కూర్చుండిపోయాను. ఉతకని మేజోళ్ల వాసన. ఎప్పుడో శిక్షణలో చదివిన పాఠం గుర్తొచ్చింది. చెడిపోతున్న సెల్యులాయిడ్ ఫిల్ము నుంచి ఆమ్లపు ఆవిరి వస్తుంది. రాగిని తినేస్తుంది. అంతటితో ఆగదు. బాగా చెడి, పొడిగా మారి, వేడి తగిలితే తనంతట తానే అంటుకుంటుంది.

పెట్టె కింది బీరువాకూ పై అద్దాల గదికీ మధ్య దీపాల తీగల కోసం వేసిన రంధ్రం ఉంది. ఆ దీపాల వేడంతా ఆ బీరువాలోకే వెళ్తుంది. బయట వైశాఖం. ఇంకా తెరవలేదని గ్యాలరీలో ఏసీ ఆపేశారు.

దాదాకు ఫోను చేశాను.

"ఆ డబ్బాల్లో ఉన్నది సేఫ్టీ ఫిల్ము కాదు దాదా."

"మూత మీద రాసుంది కదా దీదీ! నీకూ చూపించాను."

"మూత మీద ఉంది. లోపల చూశామా? సినిమా హాల్లో మూతలు మారి ఉండవచ్చు."

పైన పెట్టిన రీలును పరీక్షించాం, అది సేఫ్టీయే. తక్కినవి తెరవలేదు, దుమ్ము పడుతుందని. "బీరువా తాళంచెవి నా దగ్గరే ఉంది. తెల్లారగానే వస్తాను" అన్నాడు. అప్పటికే డైరెక్టరుకూ, కాపలావాళ్లకూ చెప్పి, దీపాలు ఆర్పించి, ఏసీ వేయించాను. లోపలికి ఎవరినీ రానీయవద్దన్నాను.

పొద్దున్నే హౌరా ఘాట్‌లో మొదటి లాంచీ ఎక్కి గంగ దాటాను. మ్యూజియంలో అడుగుపెడుతుంటే గ్యాలరీ గుమ్మం దగ్గర నీలం వెలుగు మెరిసింది. పరుగెత్తాను. కాంట్రాక్టరు మనిషి ఒకడు మెట్ల కమ్మీకి వెల్డింగు చేస్తున్నాడు. రవ్వలు గచ్చు మీద గంతులేస్తున్నాయి. రాత్రి మేం చెప్పిన మాట కాపలా మారినప్పుడు రెండోవాడికి చేరలేదు.

"ఆపు! బొంధో కొరో!" అని అరిచాను. అంత గట్టిగా నేను ఎప్పుడూ అరవలేదు. అతను బిత్తరపోయి తొడుగు తీసి చూశాడు. "ఏమైంది మాషీమా? పదకొండింటికి మంత్రి వస్తాడన్నారు, కమ్మీ అయిపోవాలి." వివరించే ఓపిక లేదు. యంత్రం తీగ లాగేశాను.

దాదా వచ్చాడు. మఫ్లరు లేకుండా ఆయన్ను చూడటం అదే మొదటిసారి. బీరువా తాళం తీశాడు. పైనున్న డబ్బాలు బాగానే ఉన్నాయి. అడుగునున్న వాటిలో ఒకటి పట్టుకుని, "వెచ్చగా ఉంది దీదీ" అన్నాడు. మూత తుప్పుపట్టి బిగుసుకుంది. మెల్లగా తిప్పితే ఊడింది. లోపల రీలు లేదు. తేనె నురగలా ఉబ్బిన ముద్ద, దాని చుట్టూ గోధుమరంగు పొడి.

"షొర్బోనాశ్" అన్నాడు. కొంప మునిగిందని అర్థం. డబ్బాను రెండు చేతులతో పట్టుకున్నాడు. చప్పుడు కాకుండా కింద పెట్టాడు.

అప్పుడే డైరెక్టరు వచ్చారు. నేను ఫైరింజను పిలుద్దామంటే కాసేపు తటపటాయించారు. పదకొండింటికి ప్రారంభోత్సవం, పత్రికలవాళ్లు, మంత్రి. "మనమే మెల్లగా బయటికి చేర్చలేమా?" అని అడిగారు.

నేను నోరు తెరిచేలోపే దాదా అన్నాడు: "సార్, ఇవి తెచ్చింది నేను. పదింటికి పిల్లలు వస్తారు. మీరు పిలవకపోతే నేను పిలుస్తాను. తర్వాత నన్నేం చేస్తారో చేయండి."

డైరెక్టరు ఒక్కక్షణం ఆయన ముఖం చూసి, జేబులోంచి ఫోను తీశారు. ఆ తర్వాత ఇంకెవరితో ఏం మాట్లాడారో తెలియదు కానీ, పావుగంటలో బళ్లకూ మంత్రి కార్యాలయానికీ ప్రారంభోత్సవం వాయిదా అని కబురు వెళ్లింది.

అగ్నిమాపక దళం అధికారి నింపాదిగా మాట్లాడే మనిషి. చెడిన డబ్బాలను నీళ్ల డ్రమ్ముల్లో ముంచి దించాలన్నాడు. మెట్లమీద నుంచి మోసేటప్పుడు వాళ్ల మనుషులు దాదాను పక్కకు జరగమన్నారు. ఆయన జరగలేదు. చివరికి ఒక డ్రమ్ము పిడి ఆయన చేతికిచ్చారు. ఒక పక్క సిబ్బంది, ఒక పక్క దాదా, మెట్టు మెట్టుకీ ఆగుతూ దించారు. నేను పైన నిలబడి చూస్తున్నాను. వాళ్లు కింది మలుపు తిరిగి వెనక పెరట్లోకి వెళ్లాక నేనూ దిగాను.

పెరట్లో, భవనానికి దూరంగా, ఆ అధికారి మాకు ఒకటి చూపించాడు. బొటనవేలంత ముక్కను ఇనుప పట్టకారుతో పట్టుకుని నిప్పంటించాడు. బుస్సుమంటూ ఒక మంట లేచింది, పసుపురంగు పొగ. దాన్ని అలాగే బకెట్టు నీళ్లలో ముంచాడు. నీళ్ల కింద కూడా మండుతూనే ఉంది. బుడగలు, బుడగల మధ్య వెలుగు.

"దీనికి గాలి అక్కర్లేదు. లోపలే ఉంటుంది" అన్నాడాయన. "ఇది మీ బీరువాలో అంటుకుని ఉంటే మేం వచ్చి చేయగలిగింది ఏమీ లేదు. ఆ గదికి గుమ్మం ఒక్కటేనా?"

ఒక్కటే. బీరువా దాని ఎదురుగానే ఉంది.

డైరెక్టరు ఆ మాట విని పెరటి మెట్ల మీద కూర్చుండిపోయారు. కాసేపటికి తలెత్తి, "ఎవరైనా చా తెప్పిస్తారా?" అని అడిగారు. ఆ గొంతు అంత చిన్నగా రావడంతో ఎవరో ఫక్కున నవ్వారు. ఇంకెవరో నవ్వారు. చివరికి డైరెక్టరు కూడా నవ్వారు. వెల్డింగు కుర్రాడు తన టిఫిను డబ్బా తెరిచి అందరికీ ముడీ పంచాడు. మట్టి కప్పుల్లో టీ తాగుతూ ఎండలో నిలబడ్డాం. ఆ బొరుగులు అంత రుచిగా ఎప్పుడూ లేవు. వాసన తెలియకపోయినా రుచి తెలిసింది.

దాదా ఒక్కడే నవ్వలేదు. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"నేను పోగొట్టుకున్నానేమో దీదీ, ఆ మూగ సినిమాను."

"మనుషులు మిగిలారు కదా దాదా."

"అదీ నిజమే" అన్నాడు. టీ కప్పు కింద పెట్టి, "నీ గొడ్డలి మీద నిందపడ్డప్పుడు నేను గాలిని తిట్టాను. గాలి నా బీరువాలోదే" అన్నాడు. అప్పుడు నవ్వాడు. ఆ నవ్వులో కొంచెం తడి ఉంది.

గొడ్డలిని మళ్లీ నా బల్లమీదికి తెచ్చాను. పచ్చ పొర తీస్తే కింద లోహం చెక్కుచెదరలేదు. జిల్లా మ్యూజియం అధికారి స్వయంగా వచ్చి భూతద్దంతో చూశాడు. ఈసారి నా వైపే చూశాడు. "ఆ పూత లేకపోతే ఆమ్లం లోపలిదాకా తినేసేది. మీ పూతే కాపాడిందన్నమాట" అన్నాడు. సంజాయిషీ కాగితం ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్లి, అన్నం కూడా తినకుండా పడుకుని, దీపాలు పెట్టేవేళ లేచాను. "ఒంట్లో బాగునేదేటి?" అని మా ఆయన నుదుటిమీద చెయ్యి వేశారు. బాగుందనే చెప్పాను. అన్ని వారాల్లో మొదటిసారి బాగుంది.

చెడని డబ్బాలను చల్లటి పెట్టెల్లో ఆర్కైవుకు పంపారు. కొన్నాళ్లకు వాటి నకలు వచ్చింది. దాదా గదిలో కంప్యూటరు చుట్టూ అందరం మూగాం. తెరమీద ఒక స్త్రీ జుట్టు విరబోసుకుని కూర్చుంది. మెల్లగా తల తిప్పింది. చేతిలో సీసా పైకెత్తింది. తలనూనె ప్రకటన. అన్ని రీళ్లూ అవే, ఇంటర్వెల్లో వేసే ప్రకటనలు. తలనూనె, సబ్బు, దగ్గు మందు. అందరం దాదా వైపు చూశాం. తర్వాత దాదా పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "దీదీ, తలనూనె కోసం చచ్చిపోయేవాళ్లం!"

వర్షాలు పడ్డాక గ్యాలరీ తెరిచారు. మధ్య పెట్టెలో గొడ్డలి ఒక పక్కనుంది. రెండో పక్క ఏం పెట్టాలని చాలా తర్జనభర్జన జరిగింది. పైనున్న సేఫ్టీ రీలు పెడదామంటే డైరెక్టరు ఏ రీలూ వద్దన్నారు. నైలాను, బేకలైటు, ఏవేవో అనుకున్నాం. దాదా ఏదీ ఒప్పుకోలేదు. ఆ చోటు ఖాళీగా వదిలి, ఒక చిన్న పలక పెట్టించాడు: "మనిషి చేసిన మొదటి ప్లాస్టిక్కు ఇక్కడ ఉండాలి. ఎందుకు లేదో అడగండి."

అడగని పిల్లలు లేరు. గ్యాలరీలో ఎన్నో మంచి వస్తువులున్నాయి, నేను నెలల తరబడి బాగుచేసినవి. వాటి ముందు జనం నిలబడరు. ఖాళీ చోటు ముందు గుంపు కడతారు. దాదా రిటైరయ్యాక కూడా శనివారాలు వచ్చి కథ చెబుతున్నాడు. మొన్న నేను కూడా పిల్లల వెనక నిలబడి విన్నాను. ఆయన కథలో మంట ఇప్పుడు కొబ్బరిచెట్టంత ఎత్తు లేస్తోంది. అగ్నిమాపక దళం మూడు బళ్లలో వస్తోంది. తలనూనె స్త్రీ రాణిగారైపోయింది. నేను అడ్డుపడి సరిదిద్దలేదు.